ఎనిమిదిన్నర అబ్జర్వేషన్: వాతావరణ శాఖలో మా తరం

"గత 24 గంటల్లో ఫలానా ఊళ్లో 9 సెంటీమీటర్ల వర్షం" అని పేపర్లో చదువుతారు కదా, ఆ 24 గంటలు అర్ధరాత్రితో మొదలవ్వవు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర దాకా. దేశం మొత్తానికి అదే లెక్క. అప్పుడు గ్రీన్విచ్‌లో తెల్లవారుజామున మూడు గంటలు. ప్రపంచంలో ఏ మూల ఉన్న వాతావరణ కేంద్రమైనా ఆ గడియారం ప్రకారమే ఆకాశాన్ని చూడాలి, థర్మామీటర్ చదవాలి, వాన కొలవాలి. అందరూ ఒకే సమయంలో చూస్తేనే ఆ అంకెలన్నీ ఒక మ్యాప్ మీద కలిపి అర్థం చేసుకోగలం. ఎవరి వీలును బట్టి వాళ్లు చూస్తే అది వాతావరణ పటం అవ్వదు.

మా ఇంట్లో పెళ్లయినా, చావయినా, పండగయినా నా ఉద్యోగ జీవితమంతా ఆ గడియారం వెంటే నడిచింది. 1978లో అబ్జర్వర్‌గా చేరాను. 2015లో అసిస్టెంట్ మెటియరాలజిస్ట్‌గా రిటైరయ్యాను. టీవీలో కనిపించే అధికారుల గురించి, ఉపగ్రహాల గురించి చాలామంది రాశారు. వాళ్లకు ఆ అంకెలు అందించిన వాళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ ఉద్యోగంలోకి నేను రావడానికి కారణం దివిసీమ ఉప్పెన. మాది బందరు. అమ్మమ్మగారి ఊరు కోడూరు దగ్గర. 1977 నవంబరు 19, శనివారం. నేను డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగాల కోసం దరఖాస్తులు పెడుతున్న రోజులు. గాలివాన అంటే మా వైపు వాళ్లకు కొత్త కాదు. తాటాకు ఇళ్లకు తాళ్లు బిగించుకోవడం, పశువుల పలుపులు విప్పి వదిలెయ్యడం, గింజలు అటక మీదికి ఎక్కించడం, అన్నీ తెలుసు. సముద్రమే లేచి ఊళ్లోకి వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. 1864లో బందరును ముంచిన ఉప్పెన గురించి ముసలివాళ్ల నోట వినడమే తప్ప, చూసినవాళ్లెవరూ మిగల్లేదు. ఆ రోజు హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు అలలు తాటిచెట్ల మీదుగా వచ్చాయని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు. మా పెదనాన్న అందులో ఒకరు. పెద్దమ్మ తుమ్మచెట్టు పట్టుకుని రాత్రంతా ఉండి బతికింది. కొన్నాళ్ల తర్వాత నేను అక్కడికి వెళ్లినప్పుడు చూసినవి ఇక్కడ రాయను. ఆ వాసన తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతి ఏడాది వాతావరణ శాఖ అబ్జర్వర్ పోస్టుల ప్రకటన పేపర్లో చూడగానే దరఖాస్తు చేశాను. బ్యాంకు పరీక్షలు రాయరా అని నాన్నగారు ఎంత చెప్పినా వినలేదు.

శిక్షణ పుణెలో. శివాజీనగర్‌లో వాతావరణ శాఖ రాతి భవనాన్ని అక్కడి ఆటోవాళ్లు కూడా "సిమ్లా ఆఫీస్" అనే అంటారు. శాఖ ప్రధాన కార్యాలయం ఒకప్పుడు సిమ్లాలో ఉండి, 1928లో పుణెకు వచ్చింది. ఊరు మారినా పేరు మారలేదు. మా క్లాసులు పాషాణ్‌లో జరిగేవి. మేఘాలను గుర్తుపట్టడం అక్కడే నేర్చుకున్నాను. ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేసి, అందులో ఎన్ని భాగాలు మబ్బు కప్పిందో చెప్పాలి. కింది మబ్బెంత, మధ్య మబ్బెంత, పై మబ్బెంత, దేని ఎత్తెంత. మొదట్లో మా బ్యాచ్‌లో ఒకే ఆకాశానికి ఒక్కొక్కరం ఒక్కో లెక్క రాసేవాళ్లం. నెల తిరిగేసరికి అందరి లెక్కా ఒకటే అయ్యింది. తలెత్తి మేఘం పేరు చెప్పడం ఇప్పటికీ అలవాటే. రోడ్డు మీద నడుస్తూ కూడా చూస్తాను.

మొదటి పోస్టింగ్ కళింగపట్నం. శ్రీకాకుళం నుంచి బస్సు. వంశధార సముద్రంలో కలిసే చోటు. పాత రేవు, లైట్‌హౌస్, ఇసుక, సరుగుడు తోటలు. బ్రిటిష్‌వాళ్ల నాటి రేవుపట్నం అప్పటికే చిన్నపోయి పల్లెగా మిగిలింది. అక్కడ నాకంటే చాలా పెద్ద సీనియర్ అబ్జర్వర్ ఒకాయన ఉండేవారు. నాకు ఈ వృత్తి నేర్పింది నిజానికి ఆయన. పుణె నేర్పింది పాఠమే.

అబ్జర్వేటరీ అంటే పెద్ద కట్టడమని ఊహించుకోకండి. కంచె వేసిన పచ్చిక నేల. అందులో నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్ల రంగు చెక్క పెట్టె, స్టీవెన్సన్ స్క్రీన్. గాలి ఆడేలా చుట్టూ వాలు చెక్కలు ఉంటాయి. తలుపు ఉత్తరం వైపు తెరుచుకుంటుంది, తీసినప్పుడు ఎండ లోపలి థర్మామీటర్ల మీద పడకూడదని. లోపల నాలుగు థర్మామీటర్లు. గాలి వేడిని చూపేది ఒకటి, బల్బు మీద తడి మస్లిన్ గుడ్డ చుట్టినది ఒకటి, పగటి గరిష్ఠానికి ఒకటి, రాత్రి కనిష్ఠానికి ఒకటి. పొడి బల్బుకు, తడి బల్బుకు ఎంత తేడా ఉందో చూస్తే గాలిలో తేమ తెలుస్తుంది. ఆ మస్లిన్ గుడ్డ గురించి మా సీనియర్ గారికి ఉన్న పట్టింపు ఇంకెవరి దగ్గరా చూడలేదు. సముద్రపు గాలికి రెండు మూడు రోజుల్లోనే ఉప్పు పట్టి గట్టిపడేది. గట్టిపడితే నీరు సరిగా పీల్చదు, రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. వారం దాకా ఆగక్కర్లేదు, వేలితో తాకి చూసి మార్చెయ్ అనేవారు. "నువ్వు అర డిగ్రీ తప్పు రాస్తే విశాఖపట్నంలో కూర్చున్నాయన మొత్తం ఒడిశా కోస్తా తేమ తప్పు అనుకుంటాడు" అనేవారు. థర్మామీటర్ చదివేటప్పుడు ఊపిరి బిగబట్టాలని నేర్పింది కూడా ఆయనే. మన ఊపిరి తగిలితే పాదరసం కదులుతుంది. ముందు పదో వంతు డిగ్రీ చదవాలి, తర్వాత పూర్తి డిగ్రీలు. ఎందుకంటే మనం దగ్గరికి వెళ్లిన కొద్ది క్షణాల్లోనే మన ఒంటి వేడికి చివరి అంకె మారిపోతుంది.

ఆ కంచెలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎండ కొలిచే పరికరం. బొమ్మలాంటి గుండ్రటి గాజు గోళం, వెనక వంపు పెట్టిన లోహపు చట్రంలో నీలం అట్టముక్క. ఎండ కాసినంతసేపూ గాజు గోళం వెలుగును ఒక చుక్కలోకి కూడదీసి ఆ అట్టను కాలుస్తూ పోతుంది. సూర్యుడు కదిలేకొద్దీ కాలిన గీత కదులుతుంది. మబ్బు పట్టగానే గీత ఆగుతుంది, మబ్బు తొలగగానే మళ్లీ మొదలవుతుంది. సూర్యాస్తమయం తర్వాత అట్ట తీసి, గీత పొడవు కొలిచి, ఈ రోజు ఇన్ని గంటల ఎండ అని రాస్తాం. వేసవికి పొడవాటి వంపు అట్ట, శీతాకాలానికి పొట్టి వంపు అట్ట, పగలు రాత్రి సమానంగా ఉండే రోజులకు తిన్నటి అట్ట. జూన్ మధ్యలో ఒక్కోసారి రోజంతా అట్ట మీద మచ్చ కూడా పడేది కాదు. ఆ ఖాళీ అట్ట చూస్తేనే రుతుపవనం స్థిరపడిందని మాకు తెలిసేది.

చదివిన ప్రతి అంకె ముందు పాకెట్ రిజిస్టర్‌లో రాయాలి. అక్కడికక్కడే, నిలబడి, పెన్సిల్‌తో. గదిలోకి వచ్చి గుర్తు తెచ్చుకుని రాయడం మా సీనియర్ గారి దృష్టిలో పెద్ద నేరం. రాసిన అంకెలను ఐదేసి అంకెల కోడ్ గుంపులుగా మార్చి, పోస్టాఫీసుకు తీసుకెళ్లి టెలిగ్రాం ఇవ్వాలి. వాతావరణ టెలిగ్రాం అనగానే పోస్ట్‌మాస్టరు గారు చేతిలో పని ఆపేసి ముందు దాన్నే కొట్టేవారు. వానలో సైకిల్ మీద ఆ కాగితం చొక్కా లోపల పెట్టుకుని వెళ్లడం బాగా గుర్తుంది.

రాత్రి పూట పదకొండున్నరకు, రెండున్నరకు, తెల్లారి ఐదున్నరకు కూడా రీడింగ్‌లు ఉండేవి. రెండున్నర డ్యూటీ చలికాలంలో కష్టంగా ఉండేది. అయినా ఆ డ్యూటీ మానడానికి ఎవరూ సాకులు చెప్పేవాళ్లు కాదు.

అక్కడి నుంచి విశాఖపట్నం వెళ్లాను. 1974లో అక్కడ తుపాను హెచ్చరిక కేంద్రం పెట్టారు. అంతకుముందే 1970లో తుపానులను పసిగట్టే రాడార్ వచ్చింది. నేను చేరేసరికి హాల్లో టెలిప్రింటర్ల మోత ఆగకుండా ఉండేది. కాగితపు చుట్టల మీద అంకెల గుంపులు పడుతూనే ఉండేవి. 43189 అంటే కాకినాడ. 43185 బందరు. 43128 బేగంపేట. మనుషుల పేర్లకంటే ఆ నంబర్లే ముందు గుర్తొచ్చేవి. బందరు నంబరు కనిపించినప్పుడల్లా ఇంటి దగ్గర నుంచి ఉత్తరం వచ్చినట్టుండేది.

ఆ అంకెలను పటం మీద గీయడం ప్లాటర్ల పని. ఒక్కో ఊరి చుక్క చుట్టూ దాని ఉష్ణోగ్రత, తేమ, ఒత్తిడి, మేఘాలు, గాలి దిశ, వానలు అన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో రాయాలి. నల్ల సిరా, ఎర్ర సిరా. రెండు పెన్నులూ ఒకే చేతిలో పట్టుకుని వేళ్లతో తిప్పుతూ రాసే ప్లాటర్లను చూశాను. దేశం మొత్తం, శ్రీలంక, బర్మా, సముద్రంలో ఓడలు అన్నీ గంటకు తక్కువ సమయంలో పటం మీదికి ఎక్కేవి. తర్వాత ఫోర్‌కాస్టర్ గారు పెన్సిల్ తీసుకుని సమాన ఒత్తిడి ఉన్న చోట్లను కలుపుతూ గీతలు గీసేవారు. గీసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ గీసేవారు. వాన పడ్డ చోట్ల ఆకుపచ్చ రంగు. అల్పపీడనం దగ్గర ఎర్ర అక్షరం. ఆ పటం మీద ఒక గుండ్రటి గీత ముడుచుకుంటే చాలు, హాల్లో మాటలు తగ్గిపోయేవి.

బారోగ్రాఫ్ సంగతి కూడా చెప్పాలి. వారం రోజుల కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే, కలం వాతావరణ పీడనాన్ని గీస్తూ పోతుంది. మన ప్రాంతాల్లో ఆ గీత తిన్నగా ఉండదు. రోజుకు రెండుసార్లు లేస్తుంది, రెండుసార్లు పడుతుంది. ఉదయం పది గంటల ప్రాంతంలో పైకి, సాయంత్రం నాలుగింటికి కిందికి, మళ్లీ రాత్రి పదింటికి పైకి, తెల్లవారుజామున కిందికి. ఆ ఎగుడుదిగుడు మూడు నాలుగు మిల్లీబార్లు (పీడనాన్ని కొలిచే లెక్క) ఉంటుంది. ప్రతి రోజూ అంతే, ఏళ్ల తరబడి. తుపాను దగ్గరకు వస్తున్నప్పుడు ఆ లయ చెదురుతుంది. ఉదయం లేవాల్సిన గీత లేవదు. అది చూసిన అబ్జర్వర్‌కు ఎవరూ చెప్పనవసరం లేదు, తనే గంట గంటకూ రీడింగ్ తీయడం మొదలుపెడతాడు.

సముద్రం మీద ఏం జరుగుతోందో తెలుసుకోవడం మరీ కష్టం. మామూలు రోజుల్లో ఓడలు తమ రిపోర్టులు పంపేవి. తుపాను ఉందని తెలియగానే అవి దాన్ని తప్పించుకుని దూరంగా వెళ్లిపోయేవి. సరిగ్గా మాకు కావాల్సినప్పుడే బంగాళాఖాతం మధ్యలో పటం ఖాళీ అయ్యేది. తుపాను నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోకి వచ్చాక రాడార్ అందుకునేది. తుపాను నడిమధ్యన గాలి నెమ్మదిగా ఉండే చోటును కన్ను అంటాం. అది స్పష్టంగా కనిపించకపోతే, పారదర్శకమైన షీటు మీద ముందే గీసి ఉంచిన సర్పిలాకారపు గీతలను తెర మీది వాన చారలకు సరిపోల్చి, తుపాను కేంద్రం ఎక్కడుందో అంచనా వేసేవారు. ఆ చీకటి గదిలో మా రాడార్ ఆయన కళ్లు ఎంత అలిసిపోయేవో! 1983లో ఇన్సాట్-1బి వెళ్లాక మాకు పెద్ద అండ దొరికింది. ఉపగ్రహం ఫొటోలో బంగాళాఖాతం మొత్తం ఒక్క చూపులో కనిపించడం మొదటిసారి చూసినప్పుడు మా ఫోర్‌కాస్టర్ గారు కుర్చీ లాక్కుని చాలాసేపు దాని ముందే కూర్చున్నారు. పాతికేళ్లుగా గుడ్డిగా వెతికిన చోటు అది ఆయనకు.

రుతుపవనాల్లో మాకు ముఖ్యంగా గుర్తుండిపోయింది 1986 ఆగస్టు. వాయుగుండం మధ్య భారతం మీదికి వెళ్లింది, గోదావరి పరీవాహకం మొత్తం వాన. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. వరద లెక్కలు మా పని కాకపోయినా, ఆ రోజుల్లో మేం పంపిన వాన లెక్కల కోసం నీటిపారుదల వాళ్లు ఫోన్ల దగ్గరే కూర్చునేవారు.

1990 మే నెల తుపాను గురించి రాయకపోతే నా ఉద్యోగం గురించి రాసినట్టే కాదు. వేసవిలో అంత బలమైన తుపాను మన తీరానికి రావడం మా వాళ్లంతా అరుదుగా చూసినదే. చెన్నై వైపు వెళ్తుందా, పైకి తిరుగుతుందా అని రెండు రోజులు అందరికీ టెన్షన్. చివరికి మే 9న కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా తీరం దాటింది. అంటే మళ్లీ దివిసీమ వైపే. నేను డ్యూటీలో ఉన్నాను. మూడు గంటలకో బులెటిన్, తర్వాత గంటకోటి. కలెక్టర్లకు, రేవులకు, రైల్వేకు, ఆకాశవాణికి. "రాగల 24 గంటల్లో", "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు", "సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది" అనే ఆ మాటలు రాస్తున్నప్పుడు, పెద్దమ్మ ఇంట్లో గూట్లో ఉన్న రేడియో నా కళ్ల ముందు ఉంది. ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో కనుక్కునే దారి లేదు. ఆ ఊళ్లో ఫోన్ లేదు.

అప్పటికి ఎనభైల నడిమి నుంచి ఇన్సాట్ ద్వారా నేరుగా తీర మండలాలకు హెచ్చరికలు పంపే రిసీవర్లు పెట్టారు. మనం ఇక్కడ తెలుగులో చదివితే అక్కడ సైరన్ మోగి, మాటలు వినపడేవి. ఉప్పెన తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు. అధికారులు, గ్రామ సేవకులు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు కలిసి సుమారు ఆరున్నర లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. తుపాను 1977 నాటి దానికి తీసిపోయేది కాదు. ప్రాణనష్టం మాత్రం వెయ్యి లోపు. పోయిన ఆ ప్రాణాలు కూడా తక్కువ కాదు, ఆ సంగతి మాకు తెలుసు. అయినా పదివేలు ఎక్కడ, ఇది ఎక్కడ!

దారులు తెరుచుకున్నాక సెలవు పెట్టి వెళ్లాను. పెద్దమ్మ షెల్టర్ వరండాలో కూర్చుని గంజి తాగుతోంది. నన్ను చూడగానే, "ఒరేయ్, రేడియోలో పొద్దున్నించీ అదే మాట. మీ పెదనాన్నప్పుడు అట్టా చెప్పుంటే బాగుండేది కదరా" అంది. ఎడ్లను కూడా విప్పి వదిలే వచ్చానంది. కోపంగా అనలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అంత పట్టుదల రాలేదు, ఆ మాట విన్నాక వచ్చినంత.

అన్నిసార్లూ అలా జరగలేదు. 1996 నవంబరు 6 సాయంత్రం కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను చిన్నది, చుట్టుకొలత తక్కువ, కానీ చాలా బలమైనది. త్వరగా బలపడింది. కోనసీమలో కొబ్బరి చెట్లు లక్షల్లో నేలకొరిగాయి. దాదాపు వెయ్యి మంది మరణించారు. సముద్రం మీద వేటకు వెళ్లిన వందలాది మంది తిరిగి రాలేదు. తుపాను తర్వాత సర్వే బృందంలో నేనూ వెళ్లాను. గోడల మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలవడం, ఏ చెట్టు ఏ దిక్కుకు పడిందో చూసి గాలి ఎటు నుంచి వచ్చిందో నిర్ణయించడం, ఎంత దూరం ఉప్పునీరు లోపలికి వచ్చిందో రైతులను అడగడం. భైరవపాలెం వైపు ఒకామె ఇసుక మీద కూర్చుని ఉంది. మేం ఎవరమో తెలుసుకుని, "ఒడ్డునున్నోళ్లకి చెప్పారు బాబూ, సముద్రంలో ఉన్నోడికి ఎవరు చెబుతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా బృందంలో ఎవరి దగ్గరా లేదు. ఆ రోజు నోట్‌బుక్కులో నీటి మరకల అంకెలు రాసుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం రాసుకోనక్కర్లేకుండానే మిగిలింది.

ఇప్పుడు పడవ మీద ఉన్నవాళ్లకు కూడా ఉపగ్రహం ద్వారా హెచ్చరిక చేరే పరికరాలు వచ్చాయి. హైదరాబాద్‌లో సముద్ర సమాచార సేవలు చూసే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు, ఇస్రో వాళ్లు కలిసి ఈ పని చాలా ముందుకు తీసుకెళ్లారు. సెల్‌ఫోన్ సిగ్నల్ అందని దూరంలో కూడా సందేశం వెళ్తుంది. ఆ పరికరం ఒకటి మొదటిసారి కాకినాడ రేవులో ఒక పడవ మీద చూసినప్పుడు చేత్తో తాకి చూశాను. అరచేతిలో పట్టేంతదే. ఆ పరికరం ఉన్న పడవలోని కుర్రాడు తుపాను వార్త ఎలా వస్తుందో నొక్కి చూపించాడు.

రేవుల్లో హెచ్చరిక జెండాల సంగతి చాలామందికి తెలుసు. ఒకటో నంబరు అంటే దూరంగా సముద్రంలో వాయుగుండం ఉందని. నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం దగ్గరయినట్టు. పదో నంబరు దాకా పేపర్లలో వస్తుంది. పదకొండో నంబరు గురించి తక్కువమందికి తెలుసు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. అంటే ఇక రేవు అధికారి తన కళ్లతోనే ఆకాశాన్ని చూసి నిర్ణయం తీసుకోవాలి. ఆ సంకేతాన్ని ఎగరేసే రోజు రాకూడదనే మేం అందరం కోరుకునేవాళ్లం.

మధ్యలో కొన్నేళ్లు హైదరాబాద్‌లో పనిచేశాను. తుపానుల ఊళ్ల నుంచి వెళ్లినవాడికి బేగంపేట ప్రశాంతంగా అనిపిస్తుంది. కానీ 2000 ఆగస్టు 24న ఆ నగరం మీద 24 గంటల్లో 24 సెంటీమీటర్ల వాన పడింది. మెట్టప్రాంతపు ఊరికి అది చిన్న విషయం కాదు. హైదరాబాద్‌లో ఫోన్లు మరో రకం. పెళ్లి మంటపం పైకప్పు వేయించాలా, వినాయక నిమజ్జనం రోజు వాన పడుతుందా, రేపు కల్లంలో ధాన్యం ఆరబోయొచ్చా. వేసవిలో రెంటచింతల, రామగుండం ఎండలెంత అని ప్రతి సాయంత్రం విలేకరులు అడిగేవారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతను ఏటా ఒక్కరైనా గుర్తుచేసేవారు. మృగశిర వస్తే రైతుల ఫోన్లు మొదలు. వాళ్లకు నేను ఎప్పుడూ ఓపిగ్గానే చెప్పేవాణ్ణి. విత్తనం ఖర్చు ఎవరు పెట్టాలో వాళ్లకు తెలుసు, నాకు తెలుసు.

"వాతావరణం వాళ్లు వాన అంటే బట్టలు ఆరేసుకోవచ్చు" అనే మాట నా చెవిన చాలాసార్లు పడింది. మా శాఖవాళ్లందరికీ ఇది అలవాటే. కోపం తెచ్చుకోకుండా అడిగినవాళ్లకు విడమరిచి చెప్పేవాణ్ణి. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ జిల్లాలో కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడుతుందని. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా. "అనేక చోట్ల" అంటే ముప్పావు దాకా. "దాదాపు అన్ని చోట్ల" అంటే ఆ పైన. జల్లు మీ వీధిలో పడకుండా పక్క ఊళ్లో పడితే అది సూచన తప్పు కాదు. ఎవరో సరదాకి పెట్టిన మాటలు కావివి, ఒక్కో మాట వెనక లెక్క ఉంది. ఆ లెక్క వివరంగా చెప్పినప్పుడు చాలామంది సంతృప్తి పడేవారు. మనం చెప్పకపోవడం వల్లే చాలా అపార్థాలు వచ్చాయని నా అభిప్రాయం.

2004 నుంచి మన సముద్రాల్లో తుపానులకు పేర్లు పెడుతున్నారు. అదే ఏడాది చివర్లో బందరుకు, ఆ తర్వాత విశాఖకు డాప్లర్ రాడార్లు వచ్చాయి. అంతకుముందు మేం తెర మీద వాన ఎక్కడుందో చూసేవాళ్లం. డాప్లర్‌తో గాలి ఎంత వేగంగా దగ్గరకు వస్తోందో, దూరమవుతోందో కూడా తెలిసింది. కంప్యూటర్ నమూనాలు మెరుగుపడ్డాయి. ఆ మార్పులో మా శాఖ తుపాను శాస్త్రవేత్త మృత్యుంజయ మహాపాత్ర గారి బృందం పాత్ర పెద్దది. 2013 ఫైలిన్‌ను ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతుందని ముందే కచ్చితంగా చెప్పగలిగారు. సరిగ్గా ఏడాది తర్వాత, 2014 అక్టోబరు 12న, మరో తుపాను నేరుగా మా మీదికే వచ్చింది. హుద్‌హుద్. ఆ పేరు ఒమన్ ఇచ్చింది, ఒక పక్షి పేరు.

ఎన్నో తుపానుల గురించి మేం ఒడ్డున కూర్చుని చెప్పాం. ఈసారి మేమున్న ఊరే లక్ష్యం. తీరం దాటడానికి చాలా ముందే ఉత్తర కోస్తా అని, తర్వాత విశాఖ పరిసరాలని హెచ్చరికలు వెళ్లాయి. ఆ ఆదివారం ఉదయం నుంచి గాలి గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. కైలాసగిరి మీద రాడార్ గోపురం దెబ్బతింది, దాని సమాచారం ఆగిపోయింది. కరెంటు లేదు, సెల్ టవర్లు పోయాయి. మధ్యాహ్నం తుపాను కన్ను ఊరి మీదికి వచ్చింది. కాసేపు గాలి ఆగిపోయింది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారేమో అని మాకు భయం, చెబుదామంటే ఫోన్లు పనిచేయవు. అంతకుముందే బులెటిన్లలో హెచ్చరించాం, ఆ ప్రశాంతత నమ్మొద్దని. కొద్దిసేపటికి ఎదురు దిక్కు నుంచి గాలి మళ్లీ మొదలైంది, ముందుకంటే జోరుగా.

మా అబ్జర్వర్లు ఇద్దరు యువకులు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని రీడింగ్ కోసం బయటికి వెళ్లారు. నేను వద్దన్నాను. "సార్, ఎనిమిదిన్నర మిస్ అవ్వకూడదు కదా" అన్నాడు ఒకడు. వర్షమాపకం దగ్గర గొట్టంలో నీటి మట్టం చదవడానికి టార్చి పట్టుకుని కూర్చున్నారు. తడిసి ముద్దై తిరిగొచ్చి, పాకెట్ రిజిస్టర్ పేజీలు ఫ్యాన్ లేక గుడ్డతో ఒత్తుతూ ఆరబెట్టుకున్నారు. నాకు కళింగపట్నంలో మా సీనియర్ గారు గుర్తొచ్చారు. ఆయన పోయి అప్పటికి చాలా కాలమైంది.

లక్షల జనం ఉన్న నగరం మీద అంత గాలి వీచినా, ప్రాణనష్టం వందకు చాలా లోపే ఆగింది. ఊరి చెట్లన్నీ పోయాయి. ఆ బాధ వేరు. ఆ మరుసటి రోజు ఆఫీసు ముందు ఒక ముసలాయన ఆగి, "మీరు చెప్పారు కాబట్టి మా బస్తీ మొత్తం బడిలోకి వెళ్లాం బాబూ" అని చెప్పి వెళ్లిపోయాడు. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు చాలా చోట్ల ఆటోమేటిక్ స్టేషన్లు వచ్చాయి. పావుగంటకోసారి అంకెలు వాటంతటవే వచ్చేస్తాయి. దాన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. ఎక్కువ అంకెలు ఉంటే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయి. కానీ మిషన్ చదవనివి కూడా కొన్ని ఉన్నాయి. ఆ మేఘం ఏ రకం, దూరంగా మెరుపు ఏ దిక్కున, దృశ్యత ఎంత, సముద్రపు రంగు ఎలా మారింది అన్నవి మనిషి చూస్తేనే తెలిసేవి.

మన జిల్లాల్లో చాలా ఊళ్లలో పార్ట్‌టైం అబ్జర్వర్లు ఉండేవారు. బడిపంతుళ్లు, పోస్టాఫీసు ఉద్యోగులు, చిన్న గుమాస్తాలు. నెలకు ఇచ్చేది చాలా స్వల్ప మొత్తం. రోజూ ఉదయం స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టి, వర్షమాపకం దగ్గరికి వెళ్లేవారు. కొందరి తర్వాత వాళ్ల కొడుకులూ చేశారు. వాళ్లు రాసిన రిజిస్టర్లు పుణెలో జాతీయ సమాచార కేంద్రంలో ఉన్నాయి. ఇప్పటి పరిశోధకులు వాతావరణ మార్పు గురించి చెప్పేటప్పుడు ఆ అంకెల మీదే ఆధారపడతారు. ఆ అంకెలు రాసిన వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

అందుకే నేనొక పని మొదలుపెట్టాను. నాతో పనిచేసిన వాళ్లు, నాకంటే ముందు వాళ్లు, కళింగపట్నం, తుని, నరసాపురం, బాపట్ల, కావలి, నందిగామ, హన్మకొండ, ఖమ్మం, నిజామాబాద్, ఎక్కడ ఎవరు ఏ సంవత్సరాల్లో రీడింగ్‌లు తీశారో రాసుకుంటున్నాను. ఒక పెద్ద నోట్‌బుక్కు సగం నిండింది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి తాతగారు ఉంటే, ఆయన ఏ ఊళ్లో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా పనిచేశారో కనుక్కుని రాసిపెట్టండి. ఫొటో ఉంటే ఇంకా మంచిది. ఆయన పేరు, ఊరు నా పుస్తకంలో ఎక్కాలి.